జపాను శైలి హోటళ్లు - మనము నేర్వవలసినదేమి?

ఒక ఊరి సంస్కారము తెలియవలెనన్న, ఆ ఊరివారు తమకొరకు కట్టుకొన్న మేడలకన్న పరాయివాని కొరకు కట్టిన బసను చూచుట మేలని మా అభిప్రాయము. తన యింట ఎవరైనను సుఖముగా నుండుటకే యత్నింతురు. తెలియని మనుష్యుడు, మరునాటి ఉదయము వెళ్ళిపోవువాడు, మరల కనిపించునో లేదో యెరుగరానివాడు - అట్టివానికి నీడ, నీరు, గాలి, నిద్ర ఏర్పరచుటలోనే ఆ ఊరి మనస్సు బయటపడును. పూర్వము సత్రము, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పిలువబడినదే నేడు హోటలు అను పేర చలామణి యగుచున్నది. పేరు మారినను పని మారలేదు. ఈ వ్యాసమున మేము హోటళ్లను గూర్చి, అందును జపాను దేశపు శైలిని అనుసరించు హోటళ్లను గూర్చి ముచ్చటింపదలచితిమి. ఇది ధనవంతుల విలాసము, విద్యార్థులకేల యని కొందరికి తోచవచ్చును. తుదివరకు చదివినచో ఇది మన కళాశాలకును, మన గదులకును, మన నిద్రకును సంబంధించిన విషయమేయని తెలియగలదు.

మన పటమట ఒకప్పుడు బెజవాడకు వెలుపలి పల్లె. నేడది నగరములో కలిసిపోయినది. ఒక ప్రక్క బందరు రోడ్డు, జాతీయ రహదారి కలియు బెంజి సర్కిలు; మరొక ప్రక్క రాత్రింబగళ్ళు సుత్తిదెబ్బలు వినిపించు ఆటోనగరు; దక్షిణమున కృష్ణమ్మ. ఇన్ని దారులు కలియుచోట హోటళ్లు వెలయుట సహజము. వెలసినవి. వెలసినవానిలో హెచ్చు భాగము నేల నుండి కొన వరకు గాజుపలకలు తొడిగికొని నిలిచినవే. వాని లోపలి అలంకరణలో ఇటీవల 'జపాను శైలి' యను మాట తరచుగా వినవచ్చుచున్నది.

మా బంధువుల యింటి వలీమా విందు అట్టి హోటలులోనే జరిగినది. పేరు చెప్పబోము, ఆ తప్పు ఒక్క హోటలుది కాదు. మే మాసము. ద్వారము వద్ద చెక్కిన రాతితొట్టి, అందులోనికి వెదురుగొట్టము నుండి జారు నీరు. దగ్గరకు పోయి చూడగా రాయి రాయి కాదు, వెదురు వెదురు కాదు, రెండును ప్లాస్టిక్కే. మందిరమున కాగితపు దీపములవలె కనిపించు గుండ్రని దీపములు, గోడపై గులాబిరంగు పూలకొమ్మలు. పిల్లలు ముచ్చటపడిరి, మేమును ముచ్చటపడితిమి. భోజనములు సగమైన వేళ విద్యుత్తు పోయినది. హోటలువారి యంత్రము దీపములను, లిఫ్టును మాత్రము నడిపినది. చల్లదన మిచ్చు యంత్రములు ఆగిపోయినవి. పది నిమిషములలో ఆ మందిరము ఆవిరిపెట్టె యైనది. మా పెద్ద చాచా లేచి, రుమాలుతో మెడ తుడుచుకొనుచు గోడ వెంబడి ఒక చివరనుండి మరొక చివరకు నడచి, వడ్డించు కుర్రవానిని పిలిచి అడిగిరి: "ఏం బాబూ, ఇన్ని కిటికీలున్నాయి, ఒక్కటీ తెరుచుకోదా?" ఆ కుర్రవాడు నవ్వి, "అవి కిటికీలు కావండీ, అద్దాలు" అని యన్నాడు.

ఆ మాట మాకు మరపునకు రాలేదు. జపాను పేర ఆ గోడలకు తగిలించిన వస్తువులన్నియు ఆ దేశమున నిజముగా ఏ పనికొరకు పుట్టినవో తెలిసికొనవలెనని కుతూహలము కలిగినది. చదివితిమి, విచారించితిమి. తెలిసిన దానిని పాఠకులతో పంచుకొనుచున్నాము.

జపాను దేశమున సంప్రదాయపు బసను ర్యోకాన్ అందురు. యమనాషి ప్రాంతపు కొండలలో వేడినీటి బుగ్గల చెంతనున్న ఒక ర్యోకాన్ క్రీస్తుశకము 705లో స్థాపింపబడి, ప్రపంచమునందలి హోటళ్లలో మిక్కిలి ప్రాచీనమైనదిగా పేరొందినది. పదమూడు శతాబ్దములు నిలిచిన ఆ సంప్రదాయమున గొప్ప అలంకారము లేమియు లేవు. వచ్చినవాడు గడపవద్ద చెప్పులు విడువవలెను. గదిలో మంచము లేదు, కుర్చీ లేదు. నేలపై తతామి యను చాపలు పరచియుండును. ఇవి ఒకవిధమైన రెల్లుతో నేసినవి. ఒక్కొక్కటి సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఒక మనిషి పడుకొనుటకు ఎంత చోటు కావలెనో అంత. గది వైశాల్యమును అడుగులలో గాక ఇన్ని చాపల గదియని చెప్పుట అక్కడి వాడుక. అనగా మనిషి దేహమే ఇంటికి కొలబద్ద. పగలు ఆ గదిలోనే పొట్టి బల్ల వేసి భోజనము పెట్టుదురు. రాత్రి బల్ల తీసి పరుపు పరతురు. ఉదయము పరుపును గోడ అరలో దాతురు. ఒక్క గది మూడు గదుల పని చేయును.

గదికిని తోటకును నడుమ ఎంగావా యను చెక్క వసారా ఉండును. గదికిని వసారాకును నడుమ గోడ యుండదు. పలుచని కాగితము అంటించిన చట్రములు పట్టాలపై జరుగుచుండును. వానిని షోజీ యందురు. మూసినచో వెలుతురు మెత్తబడి లోనికి వచ్చును. తెరచినచో గాలియు తోటయు కూడ గదిలోనివే యగును. వేసవిలో ఉక్క హెచ్చుగానుండు దేశ మగుటచే ఇంటిని వేసవికొరకే కట్టవలెనను తలంపు అక్కడ ప్రాచీనకాలము నుండియు కలదు. చూరులు బాగుగా ముందునకు వంగియుండును. కావున ఎండ, వాన గోడను తాకవు. మనము విందులో చూచిన కాగితపు దీపము, వెదురుగొట్టము, రాతితొట్టి యీ ఏర్పాటులోని చిన్న చిన్న అవయవములు. రాతితొట్టి అతిథి లోనికి పోవుటకు ముందు చేతులు, నోరు కడుగుకొనుటకు ఏర్పడినది. మన మసీదుల ముంగిట, మన ఇండ్ల గడపల వద్ద నీరుంచు అలవాటునకును దీనికిని భేదమేమి? అవయవమును నరికి తెచ్చి గోడకు తగిలించుకొని దేహమును అక్కడనే వదలివచ్చితిమి.

ఇంకొక విషయము మాకు మరింత హృద్యముగా తోచినది. పదునారవ శతాబ్దమున సెన్ నో రిక్యూ యను తేనీటి గురువు జీవించెను (1522-1591). అతడు రూపొందించినదని చెప్పబడు తాయ్-అన్ అను తేనీటిగది కేవలము రెండు చాపల గది. అట్టి గదుల ద్వారము మోకాళ్ళపై వంగి ప్రవేశింపవలసినంత చిన్నది. రాజోద్యోగియైనను, యోధుడైనను కత్తిని వెలుపల విడిచి, తల వంచి రావలెను. లోపల అందరును ఒక్క నేలపై సమానముగా కూర్చుండవలెను. కత్తుల రాజ్యము సాగు దినములలో ఒక గురువు తలుపు కొలతతో సమత్వమును బోధించెను. నేటి జపాను హోటళ్లు, అవి యెంత ఖరీదైనవైనను, నిరాడంబరతనే గొప్పగా చెప్పుకొనుటకు మూలము ఈ తేనీటి గదులే. మన హోటలు ద్వారము మాత్రము రెండు నిలువుల ఎత్తు. అయినను ఆ ద్వారము వద్ద నిలిచిన వాని చూపు మొదట వచ్చినవాని చెప్పులపై పడును, తరువాత ముఖముపై పడును. మా సహాధ్యాయులలో కొందరు ఆ చూపును ఎరుగుదురు.

ఇదంతయు వినినప్పుడు కృష్ణాడెల్టా పల్లెలలో పుట్టిపెరిగిన వారికి ఒక అనుమానము కలుగకపోదు: ఇందులో క్రొత్త యేమున్నది? మన మండువా లోగిళ్ళలో నడుమ ఆకాశము కనిపించు వాకిలి లేదా? చుట్టును వసారాలు లేవా? వంగిన పెంకుల చూరు లేదా? వీధివైపు అరుగు లేదా? తతామి కన్న మెత్తగానుండు మన తుంగచాప లేదా? దస్తర్‌ఖాన్ పరచినప్పుడు భోజనశాలయై, ఎత్తినప్పుడు పడకగదియై యుండు మన నానీల ఇండ్ల దాలాను లేదా? అన్నియు నున్నవి, మనము వానిని పాతవని పడగొట్టుచున్నాము. పటమటలో పాత పెంకుటిండ్లు ఏటేట తగ్గుచున్నవి. ఆ చోటుల లేచిన వానిలో ఒకదాని లోపల ప్లాస్టిక్కు వెదురు మొలచినది.

పాతదంతయు బంగారమని మేము చెప్పబోము. ఆ అరుగులపై అందరికిని చోటుండెడిది కాదు. కులమడిగి నీరుపోసిన అరుగులు కలవు. మతమడిగి బసనిచ్చిన సత్రములు కలవు. ఊరు పేరు చెప్పి, వెల చెల్లించిన వానికెల్ల గదినిచ్చు నియమము హోటలుతో వచ్చిన మేలు. ఆ మేలును కాపాడుకొనుచు, అరుగులోని నీడను, చాపలోని చల్లదనమును ఎట్లు తెచ్చుకొనవలెనన్నదే మన ముందున్న ప్రశ్న. ఈ ప్రశ్నకు ఒక ఉత్తరము మన దక్షిణదేశముననే, మన తెలుగువారి ధనముతోనే, ఎనుబది యేండ్లకు పూర్వమే కట్టబడియున్నదని తెలిసి మేము ఆశ్చర్యపడితిమి. ఆ కథ టోకియోలోని ఒక హోటలుతో మొదలగును.

టోకియో నగరమున ఇంపీరియల్ హోటలు అను ప్రసిద్ధ భవనమును అమెరికా శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించెను. ప్రాంతీయమైన ఓయా రాతిని చెక్కించి, మెత్తని బురదనేలపై తేలునట్లుండు పునాది వేయించెను. 1923 సెప్టెంబరు 1న, సరిగా ప్రారంభోత్సవము నాడే, మహాభూకంపము సంభవించి టోకియో నగరమున చాల భాగము నేలమట్టమై దగ్ధమైనది. హోటలు నిలిచినది. దాని ముంగిటి కొలనులోని నీరు మంటల నార్పుటకు ఉపయోగపడినది. కొలను అలంకారమే, కాని అక్కరకు వచ్చిన అలంకారము. ఐనను కథ అంతటితో ముగియలేదు. ఆ పునాది క్రమక్రమముగా బురదలోనికి ఎగుడుదిగుడుగా దిగబడినది. 1968 నాటికి హోటలును పడగొట్టిరి. ముఖద్వార భాగమును మాత్రము రాయి రాయి విప్పి, నగోయా సమీపమునగల మెయిజీ గ్రామ మను ప్రదర్శనశాలలో మరల నిలిపిరి. ఒండ్రునేలపై కట్టుకొను డెల్టావాసులకు ఈ కథలో రెండు నీతులు కలవు. నేల స్వభావమును ఎరుగని శిల్పము ఎంత కీర్తి గడించినను నిలువదు. పడగొట్టక తప్పనప్పుడైనను, పడగొట్టుచున్నది ఏమియో ఎరిగి, పదిలపరుపదగిన దానిని పదిలపరుపవలెను.

ఆ హోటలు పనికై రైట్‌తో కూడ జపాను చేరిన యువశిల్పులలో ఆంటొనిన్ రేమండ్ ఒకడు. చెక్ దేశమున జన్మించినవాడు. పని ముగియకముందే గురువును విడిచి, జపానులోనే స్థిరపడి, అక్కడి వడ్రంగుల వద్ద, పల్లెటిండ్ల వద్ద పాఠములు నేర్చుకొనెను. జరుగు తలుపు, తెరచిన వసారా, అబద్ధమాడని కొయ్య - వీనిని కాంక్రీటు యుగమునకు ఎట్లు అన్వయింపవలెనని ఆయన తపించెను. పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమమువారు తమ ఆశ్రమవాసులకు ఒక వసతిగృహము నిర్మింపదలచి ఆయనను కోరిరి. ధనము హైదరాబాదు సంస్థానము నుండి లభించినది. సంస్థానపు ప్రముఖ మంత్రి సర్ అక్బర్ హైదరీ గారి చొరవతో లక్ష రూపాయల విరాళము అందినది. ఉర్దూ మాధ్యమమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలియుటకు ముఖ్య కారకులలో ఈ హైదరీ గారొకరు. ఆ దాతృత్వమునకు గుర్తుగా గృహమునకు గోల్కొండ పేరునే ఫ్రెంచి ఉచ్చారణలో 'గోల్కొండ్' అని పెట్టిరి. గోల్కొండ వజ్రములని లోకము కీర్తించిన వజ్రములు నిజమునకు దొరికినది మన కృష్ణాతీరపు కొల్లూరు, పరిటాల గనులలోనే. కావున ఆ పేరులో మన ఏటి ఇసుక కూడ కొంత కలదని చెప్పుకొనవచ్చును.

1937లో పని ప్రారంభమైనది. రేమండ్ తన కార్యాలయమున పనిచేయుచున్న జార్జి నకషిమా యను యువకుని స్థలమునకు పంపెను. నకషిమా జపాను తల్లిదండ్రులకు అమెరికాలో జన్మించినవాడు. వచ్చినవాడు ఆశ్రమ జీవితమునకు ఆకర్షితుడై జీతము విడిచి అక్కడివారితో కలిసి పనిచేసెను. అరవిందులు ఆయనకు సుందరానంద యని పేరిడిరి. ఫ్రాంటిషెక్ సామర్ అను మరియొక చెక్ శిల్పి తోడైనాడు. ఆశ్రమవాసులే కూలీలై, పనివారై, నేర్చుకొనుచు కట్టిరి. యుద్ధకాలపు కొరతల నడుమ 1940 దశకమున నిర్మాణము పూర్తియైనది. భక్తులు సమర్పించిన పాత ఇత్తడి పాత్రలను కరగించి తలుపుల పిడులు, బందులు పోతపోసిరి.

ఆ గృహమున కాగితపు దీపములు లేవు, పూలకొమ్మల చిత్రములు లేవు. ఐనను అది జపాను పాఠమును పూర్తిగా గ్రహించిన గృహము. మూడంతస్తుల భవనము తన పొడవాటి ముఖములను ఉత్తర దక్షిణములకు త్రిప్పుకొని నిలిచియున్నది; కావున తూర్పు పడమటి ఎండ ఇరుకు గోడలపైననే పడును. గదులు దక్షిణమున, నడవ ఉత్తరమున. గోడలకు మారుగా నేల నుండి పైకప్పు వరకు అడ్డుపలకల వరుసలు. చేతితో త్రిప్పినచో తెరచుకొనును, మరల త్రిప్పినచో మూసుకొనును. వాన వచ్చిన మూయవచ్చును. గాలి వచ్చిన తెరువవచ్చును. గదికిని నడవకును నడుమ టేకుతో చేసిన సందుల తలుపు ప్రక్కకు జరుగును. తలుపు మూసినను గాలి ఆగదు, మరుగు చెడదు. కప్పుపై వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పరచి, కప్పునకును పెంకులకును నడుమ గాలి సందు విడిచిరి. ఎండ ఆ సందులోనే చల్లారును. నేలపై నున్నని నల్లని కడప రాయి. గోడలపై గవ్వల సున్నముతో మెరుగుపెట్టిన చెట్టినాడు గచ్చు. అనగా ఆలోచన జపానుది, వెల హైదరాబాదుది, రాయి రాయలసీమది, గచ్చు తమిళులది, చెమట అందరిది. దేశములు కలిసినచోట శైలి పుట్టుట యనగా ఇదియే. నాటివారు వాడిన అడ్డుపలకలు ఆస్బెస్టాస్ సిమెంటువి. దాని కీడు తెలిసిన నేటివారు పదార్థమును మార్చి పద్ధతిని మాత్రమే గ్రహింపవలెను.

గోల్కొండ్ హోటలు కాదు, వ్యాపారమునకు కట్టినది కాదు. కాని ఒక బస ఎట్లుండవలెనో ఇంతకన్న చక్కగా చెప్పు భవనము మన దక్షిణదేశమున మాకు కనిపించలేదు. దానిని కట్టినది మొదలు నేటివరకు కిటికీ తెరచుకొనదాయని ఎవరును అడుగవలసిన పని లేదు.

దీనికి భిన్నమైన అనుభవము మన వాకిటనే జరిగినది. రాష్ట్ర విభజన పిదప అమరావతి రాజధాని నిర్మాణమునకు 2016 మార్చిలో జపాను శిల్పి ఫుమిహికో మకీ గారి సంస్థను ఎంపిక చేసిరి. ఆయన 1993లో ప్రిట్జ్‌కర్ పురస్కారమును పొందిన మహాశిల్పి, 2024లో కీర్తిశేషులైరి. ఆయన నమూనాలోని శాసనసభ రూపము బాగులేదని విమర్శలు చెలరేగెను. అనతికాలములోనే ఆ ఎంపిక రద్దయి, లండను నగరపు ఫాస్టర్ సంస్థ ఆ పనిని స్వీకరించినది. ఏ నమూనా మేలైనదన్న వాదములోనికి మేము పోము. ఆ దినములలో మనమందరము వాదులాడినది దేనిని గూర్చి? భవనపు శిఖరము దేనివలె కనిపించుచున్నదని. దాని గదులలోనికి కృష్ణ మీది గాలి వచ్చునా, మే మాసపు మధ్యాహ్నము అందొక గుమాస్తా దీపము వేయకయే వ్రాసికొనగలడా యని అడిగినవారు అరుదు. నాగార్జునాచార్యుని జపానీయులు ర్యూజు అను పేర తమ బౌద్ధ శాఖలకు మూలగురువుగా ఆరాధింతురు. శ్రీపర్వతము నుండి తూర్పు సముద్రములు దాటి పోయినది ఒక ఆలోచన. బదులుగా అచటి నుండి మనము తెచ్చుకొనుచున్నది ఆకారములేనా?

ఇక మా వాదమునకు రాగల ఆక్షేపణలను దాచము. బెంజి సర్కిలు వద్ద కిటికీ తెరచినచో వచ్చునది పిల్లగాలి కాదు, లారీల పొగ, దుమ్ము, హారను మ్రోత, సాయంకాలము దోమలు. ఇది నిజము. మండువాకు స్థలము విడిచినచో ఆ స్థలపు వెలయే కోట్లలో నుండును. ఇదియు నిజము. 45 డిగ్రీలు దాటిన దినమున ఉత్త గాలి వేడిగాలియే. శీతలయంత్రము లేక అతిథి నిలువడు. ఇదియు ఒప్పుకొనెదము. జపాను దేశమునను అందరు తతామి గదులలో నిద్రించుట లేదు. కాంక్రీటు పెట్టెలవంటి హోటళ్లు అక్కడ లెక్కకు మిక్కిలి. 1962లో తెరచిన టోకియో ఓకురా హోటలు ముంగిటి మందిరమును యోషిరో తానిగుచి ఎంతయో సొగసుగా తీర్చెను. లోకమంతయు వలదనినను 2015లో దానిని పడగొట్టిరి. 2019లో క్రొత్త భవనమున అదే మందిరమును ఆయన కుమారుడు యోషియో తానిగుచి మరల తీర్చవలసివచ్చెను.

ఐనను మేమడుగునవి స్థలమును గాని ధనమును గాని అంతగా కోరునవి కావు. పడమటి ముఖమున గాజు పెట్టకుండుటకు ఖర్చేమి? మొదట ఎండను లోనికి పిలిచి, పిదప దానిని వెళ్ళగొట్టుటకు యంత్రమునకు కరెంటు కట్టుట ఏ గణితము? యంత్రము నడుచు గంటలలో మూసియుంచి, ఆగినప్పుడును, డిసెంబరు రాత్రులలోను తెరచుకొను కిటికీకి దోమతెర బిగించుట అసాధ్యమా? చూరు రెండడుగులు ముందునకు చాచుటకు భూమి కొనవలెనా? అతిథి కూర్చుండి చెప్పులు విడువగల అరుగు కట్టుటకు విదేశీ నిపుణుడు కావలెనా?

ఈ ప్రశ్నలను మేము హోటలు యజమానులకన్న ముందుగా మనలను మనమే వేసికొనవలసిన సమయము వచ్చినది. మన బాలుర వసతిగృహముపై మరియొక అంతస్తు వేయు ప్రతిపాదన కళాశాల పాలక సంఘమువారి పరిశీలనలో నున్నది. దాని నమూనా చిత్రమును సూచనల పలకపై అందరును చూచియున్నారు. చిత్రము అందముగా నున్నది. రోడ్డువైపు, అనగా పడమటివైపు, ఆకాశనీలపు గాజు ముఖము మెరయుచున్నది. దాని వెనుక పండ్రెండు గదులు. ఆ గదులలో శీతలయంత్రములు ఉండవని మనమెరుగుదుము. మార్చి మాసపు పరీక్షలకు ఆ గాజు వెనుక కూర్చుండి చదువవలసినవారు, దివిసీమ నుండి, గుడివాడ నుండి, మైలవరము నుండి ఫీజుకొరకు తండ్రి అప్పుచేయగా వచ్చిన మన సోదరులు.

పెద్దలయెడ గౌరవముతో మా విన్నపము ఇది. గాజు ముఖమునకు వెచ్చింపదలచిన సొమ్ముతోనే మరియొక నమూనాను గీయింపుడు. పడమటివైపున మెట్లు, స్నానపు గదులు, పెట్టెలుంచు గది పెట్టించి, చదువు గదులను ఉత్తర దక్షిణ ముఖములుగా త్రిప్పింపుడు. గదికి ఎదురెదురుగా తెరచుకొను అడ్డుపలకల కిటికీలుంచుడు. అట్టి పలకలను చేయు నేర్పు కొరకు దూరము పోనక్కరలేదు. బస్సులకును లారీలకును బాడీలు కట్టి దేశమునకంతకు పంపు మన ఆటోనగరు పనివారు, ఒక నమూనా చూపినచో రెండవ దానిని దానికన్న మేలుగా చేయగలరు. కప్పుపై గాలి సందు విడిచి పెంకు పరపింపుడు. నేలకు కడప రాయి వేయింపుడు; వేసవి రాత్రి దానిపై తుంగచాప పరచుకొని పడుకొన్నవారికి దాని విలువ తెలియును. వసతిగృహపు ముంగిట ఒక పొడవాటి అరుగు కట్టింపుడు. కుమారుని చూడవచ్చిన తండ్రి, తపాలా బంట్రోతు, రాత్రి కావలివాడు, ఎవరైనను అనుమతి అడుగక కూర్చుండు అరుగు. పాత అరుగులు చేయలేకపోయిన పనిని ఈ అరుగు చేయును.

విద్యార్థి మిత్రులకును ఒక మాట. మనలో పలువురు రేపు హోటళ్లలోనే ఉద్యోగము చేయబోవుచున్నారు. కొందరు ఇంజనీరులై వానిని కట్టబోవుచున్నారు. ఒకరిద్దరు యజమానులు కూడ కావచ్చును. రానున్న సెలవులలో పటమటలోను, చుట్టుపట్ల పల్లెలలోను మిగిలియున్న పాత మండువా ఇండ్లను చూచి, చూరు వెడల్పు ఎంత, వసారా లోతు ఎంత, గాలి ఎటునుండి ఎటు పోవుచున్నది అని కొలిచి వ్రాసికొందము. ఆ ఇండ్లలోని ముసలివారిని అడిగి ఉర్దూలోను, తెలుగులోను ఆ భాగముల పేర్లు సేకరింతము. ఇల్లు పోయినను పేరు మిగులును, పేరు మిగిలినచో మరల కట్టవచ్చును. విహారయాత్రకు ఈసారి పుదుచ్చేరిని ఎంచుకొని, ముందుగా అనుమతి పొంది గోల్కొండ్‌ను చూచి వత్తము. హైదరీ గారు విరాళమిప్పించిన ఇంటిని చూచుటకు ఉర్దూ, తెలుగు విద్యార్థులకన్న తగినవారెవరు?

జపాను నుండి నేర్వవలసినది చాల కలదు. ఆ దేశమువారు తమ వానను, తమ ఎండను, తమ రెల్లును, తమ కొయ్యను ముందుగా తెలిసికొనిరి. అందువలన వారి బస వారిదైనది. మన ఎండను మనమెరిగి కట్టిననాడు, గోడపై ఒక్క పూలకొమ్మ లేకపోయినను, ఆ దేశమువాడు వచ్చి చూచి ఇది మా పద్ధతియేయని మెచ్చుకొనును. మా చాచా కూడ మెచ్చుకొందురు. ఆయన పరీక్ష చాల సులభము. లోనికి వచ్చి, చెప్పులు విడిచి, చేతులు కడుగుకొని, నేరుగా కిటికీ వద్దకు పోయి తోసి చూతురు. అది తెరచుకొనవలెను, అంతియే.